ఆఖర్ల రాసిన సార్

ఆయన రాసిన ఆరు కాగితాల్లో చివరి ఎనిమిది లైన్లను నేను కొట్టేశాను. ఎర్రపెన్నుతో, పైనుంచి కిందికి, ఒకే గీత. అందుకు నాలుగైదు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ సమయానికి ఆయన కోదాడ బస్సులో టికెట్లు కొడుతున్నాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆ ఎనిమిది లైన్లలో మొదటి వాక్యం ఒక్కటే నాకు గుర్తుంది. మిగతా లైన్లలో ఏముందో తెలియదు. చదవకుండానే కొట్టేశాను.

ఆయన బస్సు కండక్టర్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఇరవై ఏళ్లు ఆర్డినరీ బస్సుల్లో తిరిగాడు. పేరు రాయడం లేదు, ఆయన భార్య వద్దంది. బస్సెక్కేవాళ్లకు ఆ పేరు తెలియదు కూడా. అందరూ కండక్టర్ సాబ్ అనేవారు. నలభై మూడో ఏట ఆయన హైదరాబాద్‌లో భాషాశాస్త్రం ఎమ్మేలో చేరాలనుకున్నాడు. ఆ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో ఐదు వందల మాటల్లో రాయమని దరఖాస్తులో అడుగుతారు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు దాన్ని. ఆయన రాశాడు. దిద్దిపెట్టమని నాకిచ్చాడు. నేను దిద్దాను.

మాకు పరిచయం వార్తల కవర్ల వల్ల. అప్పుడు నేను కోదాడలో ఒక దినపత్రికకు విలేకరిని. ఫొటోలు, రాతకాపీలు పొడుగాటి కవర్లో పెట్టి, మూతి అంటించి, మీద 'వార్తలు, అర్జెంట్' అని రాసి, సూర్యాపేట పోయే బస్సు కండక్టర్ చేతికిచ్చేవాళ్లం. అక్కడ బస్టాండులో మా మనిషి అందుకునేవాడు. కొందరు కండక్టర్లు విసుక్కునేవారు. ఈయన మాత్రం కవరు తీసుకుని, కూరగాయలు కొనేవాళ్లలాగా అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "ఇయ్యాల వార్తలు జర తక్కువున్నయి సార్" అనేవాడు. ఆ కవరును సీటు కింద పడేయకుండా, చొక్కా లోపల, బనియన్‌కు ఆనించి పెట్టుకునేవాడు. ఒక వానాకాలంలో బస్సు కప్పు కారి ప్రయాణికులంతా తడిసిపోయినా మా కవరు పొడిగా వచ్చింది. వాటిని ఆయన ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. లోపల ఏముందో తెలుసుకోవాలని లేదా అని ఒకసారి అడిగాను.

"అంటించిన కవరు విప్పుడు మా పని కాదు సార్. రేపు పేపర్ల సూస్త."

పేపర్లో చూసేవాడు కూడా. ఒక మధ్యాహ్నం బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను పిలిచాడు.

"సార్, నాటేసే కూలోళ్ల గురించి రాసింది మీరేనా?"

"నేనే."

"'ఆవేదన వ్యక్తం చేశారు' అని రాసిన్రు. గా ఆడోళ్లు మొన్న నా బస్సులనే వచ్చిన్రు. ఒక్కలు గూడ ఆవేదన అన్లే."

"మరేమన్నరు?"

"'నడుములిరిగినయి, నారు ఖతమైంది, మమ్ముల అడిగెటోడు లేడు' అన్నరు. గంత మంచి మాట మీ కవర్ల ఎట్ల వట్టలేదు సార్? నా బస్సులైతే నిలవడనన్న నిలవడతుండె."

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆయన నవ్వుకుంటూ తల లోపలికి తీసుకున్నాడు. ఆ తర్వాత 'ఆవేదన' అని రాయబోయిన ప్రతిసారీ నాకు ఆ కిటికీ గుర్తొచ్చేది. గుర్తొచ్చినా రాసేవాణ్ని. డెడ్‌లైన్ ముంచుకొచ్చినప్పుడు చేతికి ముందు తగిలేది అలాంటి మాటే.

సన్నగా, కాస్త పొడుగ్గా ఉండేవాడు. డబ్బుల సంచి వేలాడీ వేలాడీ ఎడమ భుజం కిందికి దిగింది, సంచి లేనప్పుడు కూడా అలాగే నడిచేవాడు. టికెట్లు ఎప్పుడూ వెనక సీటు నుంచి మొదలుపెట్టేవాడు. ముందు నుంచి వస్తే వెనకవాళ్లు దిగిపోతారు, వెనక నుంచి వస్తే ఎవరూ తప్పిపోరు అనేది ఆయన లెక్క. బస్సు కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లతో "ఉరకకుండ్రి, తొందరేం లేదు, బస్సు మనదే" అనేవాడు. ఆ మాట వింటే పరుగు మానేసి నడిచేవాళ్లను చూశాను. ఆయన కూడా వాళ్లు ఎక్కేదాకా రైట్ చెప్పేవాడు కాదు.

మాట కూడా అలాగే వెనక నుంచి ముందుకు వచ్చేది. అసలు సంగతిని ఆఖరున ఉంచుకునేవాడు. ఒకసారి సూర్యాపేట నుంచి మునగాల దాకా ఆయన పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా టైరు పంక్చర్ గురించి, డిపోలో కొత్త మేనేజర్ గురించి, పెన్‌పహాడ్ రోడ్డు గుంతల గురించి చెప్పాడు. నేను దిగడానికి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాక, "సార్, నాకు బిడ్డ వుట్టింది. మూడు దినాలాయె" అన్నాడు.

"ఇంతసేపు చెప్పలేదేం తమ్మీ?"

"ఇప్పుడు చెప్తున్న గద. పేరు గూడ పెట్టేసిన. ఎన్నడో అనుకున్న పేరే." రైట్ అని బస్సు తట్టాడు.

ఆయనది వేములపల్లి దగ్గర తండా. తల్లిదండ్రులు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో కూలికి వచ్చి, అక్కడే రేకుల కింద బతికి, ఆయన పెళ్లికి ముందే పోయారు. ఆయన మిర్యాలగూడలో బడికి పోయి, హాస్టల్లో పెరిగాడు. ఇంట్లో లంబాడీ, బస్సులో తెలుగు. బస్సులో తెలుగు ఒక్కటి కాదు, పోయే ఊరిని బట్టి మారుతుందని ఆయనే నాకు చెప్పాడు.

"ఉల్లిగడ్డ మనకాడ ఎక్కుతది సార్. దానికి మునగాల దాకనే టికెట్టు. అది దిగినంక ఉల్లిపాయ ఎక్కి కోదాడ పోతది. నడుమ రెండూళ్లల్ల రెండు గలిసి నిలవడి పోతయి."

ఇలాంటివన్నీ రాసుకునేవాడు. టికెట్ మిషన్‌లో కాగితం చుట్ట అయిపోయేటప్పుడు చివర జానెడు మిగులుతుంది. దాన్ని పారేయకుండా మీద బాల్‌పెన్నుతో మాట, ఊరు, ఎవరన్నారో రాసి, చుట్టి, రబ్బరు వేసి, స్టీలు టిఫిన్ డబ్బాలో వేసుకునేవాడు. మధ్యాహ్నం అన్నం తినే డబ్బా వేరు, మాటల డబ్బా వేరు. రెండూ ఒకే సంచిలో ఉండేవి. ఒకసారి డ్రైవర్ ఆకలి మీద తప్పు డబ్బా తెరిచి, "నీ పెండ్లాం కాయితాలు వండిందా ఏంది?" అన్నాడట.

మాటలు అడిగే పద్ధతి ఆయనకొకటి ఉండేది. అది నేను కళ్లారా చూసింది నిరుడు ఎండాకాలం, కోదాడ బస్టాండులో. అనంతగిరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మామిడికాయల గంపతో ఎక్కింది. మునగాల పోవాలంది. ఆయన మిషన్ నొక్కబోయి ఆగాడు.

"అవ్వా, గిదాన్నేమంటరు మీ దిక్కు?"

"ఏవిటది? తట్టా? తట్టంటాం."

"మీ అమ్మేమంటుండె?"

ఎవరినైనా ఈ రెండో ప్రశ్న తప్పకుండా అడిగేవాడు. ముసలమ్మ గంప అంచు పట్టుకుని కాసేపు కూర్చుంది.

"మా అమ్మది పెన్‌పహాడ్ వైపులే. ఆమె గుల్ల అనేది. గుల్ల నెత్తినెత్తుకోవే అనేది." గంప వైపు చూసి, "ఆ మాట అనుకుని ఎన్నేళ్లయిందో" అంది. అంతలోనే తేరుకుంది. "టికెట్టిస్తావా, బడి పెడతావా నాయనా?"

బస్సంతా నవ్వింది.

"నీకు టికెట్టు జీరోనే గదనే అవ్వా. బడి గూడ జీరోనే."

ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చేతికిచ్చి, ఆయన కాగితపు ముక్క మీద 'గుల్ల' అని రాసుకున్నాడు. దాని కింద 'అమ్మ మాట' అని రాసి గీత గీశాడు. డబ్బాలో చాలా ముక్కల మీద ఆ రెండు మాటలు ఉన్నాయని నేను తర్వాత చూశాను.

దూరవిద్యలో డిగ్రీ ఎప్పుడో పూర్తి చేశాడు. ఎమ్మే ఎంట్రన్స్ రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి కూడా నాకు తెలిసింది మూడోసారి పాసయ్యాకే. సూర్యాపేట బస్టాండులో చాయ్ తాగుతూ, డీజిల్ రేటు గురించి పది నిమిషాలు మాట్లాడి, లేచేటప్పుడు చెప్పాడు.

"ఎంట్రన్స్ కొట్టిన సార్. ఇగ ఒక కాయితం రాయాలె, ఇంటర్వ్యూకు పోవాలె. డిపోల జీతం లేని సెలవు అడిగిన, సరే అన్నరు. నా పెండ్లాం మిషన్ కుడుతది, ఎట్లనో ఇల్లు ఎల్లదీస్తనన్నది. ఈ ఏడే పోవాలె సార్. ఇంకో రెండేండ్లయితే నా బిడ్డ కాలేజీకి పోతది. తండ్రీబిడ్డలు ఒక్క బస్సుల పాసులు తీసుకోని పోతే ఊరంత నవ్వుతది."

తానే ముందు నవ్వాడు. కానీ ఆ సీటు ఆయనకు ఎంత కావాలో ఆ రోజు ముఖంలో కనిపించింది. చాయ్ గ్లాసు కింద పెట్టి మళ్లీ తీసుకున్నాడు. ఖాళీ గ్లాసే.

తర్వాతి నెలలో ఒక ఉదయం ఆరు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. రూళ్ల కాగితాలు, రెండు వైపులా కాదు, ఒకవైపే, గుండ్రటి చేతిరాత. తెలుగులో రాయవచ్చని దరఖాస్తులో ఉంది. మరుసటి రోజు సాయంత్రం ఐదుకు గడువు. ఆయనకు ఆ రెండు రోజులూ కోదాడ డ్యూటీ.

"మీ చెయ్యి వడితే మంచిగైతది సార్. జర పొడుగైంది."

"మాటలు లెక్కపెట్టినవా?"

"తొమ్మిది నూర్లు దాటినయి. యాడ దియ్యాల్నో నాకు సమజయితలేదు. అన్ని నావే గద."

నేను ఇంటికి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, పెన్ను తీశాను. ముప్ఫై ఏళ్లకు పైగా చేసిన పని. విలేకరిగా కొంతకాలం, డెస్కులో మిగతా కాలం. మా డెస్కులో నాకు పని నేర్పిన పెద్దాయన, వార్తకు తల ఉంటే చాలు, తోక ఎంత కోసినా చావదు అనేవాడు. ప్రకటన వచ్చి జాగా తగ్గితే కింది నుంచి కోస్తాం. అందుకే ముఖ్యమైనది మొదట రాయమని విలేకరులకు చెబుతాం. పేరా తీసేయాలంటే దాని మొదటి వాక్యం చదివితే చాలు. రాసినవాడికి చూపించి కోయడం మా వృత్తిలో లేదు. రేపు పేపర్లో చూసుకుంటాడు.

ఆయన కాగితం పంక్చర్ ముచ్చట లాగే మొదలైంది. తన డ్యూటీ, దారులు, స్టేజీల పేర్లు. మూడో కాగితంలో ఉల్లిగడ్డ, ఉల్లిపాయ వచ్చాయి. నేను దాన్ని తీసి మొదట పెట్టాను. చాలా బాగుందనిపించింది. ఇప్పుడూ బాగుందనే అనుకుంటాను. నాలుగు, ఐదు కాగితాల్లో ముసలివాళ్ల మాటలు, తండాల్లో పిల్లల మాటలు, ఒకే ఇంట్లో రెండు భాషలు. కొంత తగ్గించాను. సర్వీసు, డిగ్రీ వివరాలు ఆఖరున నాలుగు లైన్లలో సర్దాను. అప్పటికీ అరవై డెబ్బై మాటలు ఎక్కువున్నాయి. ఆరో కాగితం తీశాను. దాని మీద ఒక్కటే పేరా, ఎనిమిది లైన్లు. మొదటి వాక్యం చదివాను.

'మా చెల్లెకు మాటలు రావని బడిలో రాసుకున్నారు.'

దరఖాస్తులో ఇంటి కష్టం రాస్తే జాలి అడిగినట్టు ఉంటుందనిపించింది. ఆయన తెలివికి సీటు రావాలి గానీ జాలికి రాకూడదని కూడా అనుకున్నాను. ఇది ఆయన మేలు కోరే అనుకున్నాను. గీత కొట్టాను. లెక్క సరిపోయింది.

ఆయన అసలు సంగతి ఆఖరున చెబుతాడని నాకు తెలుసు. పదిహేనేళ్లుగా తెలుసు. పెన్ను చేతిలో ఉన్న ఆ కాసేపు గుర్తు రాలేదు.

బస్టాండు పక్కన డీటీపీ సెంటర్లో టైపు చేయించి, అక్కడే అప్‌లోడ్ చేయించాను. ఆయనకు ఫోన్ చేశాను. వెనక బస్సు చప్పుడు.

"పంపించిన తమ్మీ. జర కుదించిన. చదివి వినిపించాల్నా?"

"మీరు సూసినంక ఇగ నేన్ సూసుడేంది సార్."

ప్రింటు కాపీని పొడుగాటి కవర్లో పెట్టి మూతి అంటించాను. పాత అలవాటు కొద్దీ మీద 'అర్జెంట్' అని రాశాను. సాయంత్రం బస్సు దగ్గరికి పోయి ఇస్తే, చూసి పెద్దగా నవ్వాడు. అరచేతిలో రెండుసార్లు ఎగరేశాడు.

"తేలికైంది సార్."

"ఐదు వందల మాటలే కదా."

"గంతే గద మల్ల" అని చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆ కవరును ఆయన విప్పలేదు. అంటించిన కవరు విప్పే అలవాటు ఆయనకు లేదు. ఇంటర్వ్యూ నాడు అలాగే తీసుకుపోయాడు.

సీటు రాలేదు. ఆ మాట కూడా ఆఖరునే చెప్పాడు. మిర్యాలగూడ బస్సు ఆగి ఉంది, ఆయన మెట్టు మీద నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ ఎండ గురించి, యూనివర్సిటీలో చెట్ల గురించి చెప్పాడు. "మంచోల్లే సార్. కూసోమన్నరు. చాయ్ దాపిచ్చిన్రు. ఉల్లిగడ్డ ముచ్చటకు శాన నవ్విన్రు" అన్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. "సీటు గాలే. మల్లొచ్చే ఏడు సూద్దాం." తర్వాత బస్సు కడ్డీ పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"నా కాయితాలున్నయా సార్?"

"ఏ కాయితాలు?"

"చేత్తోని రాసినయి. ఆరు."

వచ్చే ఏడాది దరఖాస్తుకు కావాలేమో అనుకున్నాను. "ఉంటయి, చూస్త తమ్మీ" అన్నాను. అవి లేవు. అచ్చయ్యాక రాతకాపీ దాచుకునే అలవాటు మాకు లేదు. దిద్దిన నాలుగు రోజులకే పాత పేపర్లతో కలిపి కట్ట కట్టి అమ్మేశాను. ఆ సంగతి అప్పుడే చెప్పాల్సింది. బస్సు కదులుతోంది. తర్వాత చెప్పవచ్చనుకున్నాను.

తర్వాత మూడుసార్లు కలిశాం. మూడుసార్లూ నేనే ఆ మాట ఎత్తి, "ఇంకా వెతకలేదు" అన్నాను. మూడుసార్లూ ఆయన "తొందరేం లేదు సార్" అన్నాడు.

ఆ తర్వాత ఒక రోజు కోదాడ బస్టాండులో, మధ్యాహ్నం, అన్నం తిని చేయి కడుక్కుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఛాతీలో మంట అన్నాడట. దవాఖానకు తీసుకుపోయేలోగా అయిపోయింది. పక్కన సంచిలో రెండు డబ్బాలూ ఉన్నాయి.

దినాల నాడు ఇంటి ముందు షామియానా కింద ఆయనతో చాలా ఏళ్లు పనిచేసిన డ్రైవర్ నా పక్కన కూర్చున్నాడు. రిటైర్మెంట్‌కు దగ్గర పడిన మనిషి. ఇంటర్వ్యూ నాడు తన కంటి పరీక్ష కూడా అదే ఊళ్లో ఉండటంతో తోడు పోయాడట. గది బయట కూర్చున్నాడట.

"బయటికొచ్చి నా పక్కన కూసున్నడు సార్. కవరు విప్పి ఉన్నది చేతుల. ఏమాయెరా అన్న. 'ఇంత తెలిసినోడివి, నీకీ చదువెందుకు అని అడిగిన్రన్నా' అన్నడు. నువ్వేమన్నవ్ అన్న. 'ఆఖర్ల రాసిన సార్ అని వాళ్లకు చెప్పిన. ఒకాయన కాయితం అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. ఆఖర్ల నీ సర్వీసు వివరాలే ఉన్నయి అన్నడు. నేను గప్పుడు కవరు విప్పిన' అన్నడు."

డ్రైవర్ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నోటితోని చెప్తే అయిపోతుండె గదరా అని కొట్లాడిన సార్. 'రాయనీకె ఆరేండ్లు వట్టిందన్నా, నోటితోని ఎట్ల చెప్త' అన్నడు. నువ్వు రాసిన కాయితాల ఫొటో గిట్ల తీసుకున్నవా అన్న. 'ఎందుకు, సార్ కాడ ఉన్నయి గద' అన్నడు."

డ్రైవర్ నన్ను తప్పుపట్టి చెప్పలేదు. ఆ సార్ నేనేనని ఆయనకు తెలుసు. అయినా మామూలుగానే చెప్పాడు, దారిలో జరిగిన సంగతి చెప్పినట్టు. కాసేపటి తర్వాత, "వచ్చేటప్పుడు బస్సుల నవ్విండు సార్. 'ఆఖరి స్టేజీ దాకా టికెట్ కొట్టినన్నా, బండి నడుమనే ఆగింది' అన్నడు. మీ మీద ఒక్క మాట అన్లే" అన్నాడు.

జనం తగ్గాక ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. చేతిలో మాటల డబ్బా ఉంది. మూత తీసి చూపించింది. టికెట్ కాగితం ఎండకు నల్లబడుతుంది. బస్సు వేడికి చాలా చుట్టలు నల్లగా మారాయి. నీలం సిరా వెలుతురుకు పట్టి చూస్తేనే కనిపిస్తోంది.

"గివి దాయాల్నా సార్?"

"దాయాలమ్మా. ఎండ తగలకుండ దాయాలె."

"సార్, ఒకటడుగుత. ఈ చదువు దేనికయ్యా అని నేనెన్నోసార్లు అడిగిన. 'కాయితంల రాస్తున్న, సీటొచ్చిన నాడు నీకు సదివి ఇనిపిస్త' అన్నడు. నాకు సదువు రాదు. ఏం రాసిండు సార్?"

నేను ఆమెకు నిజం చెప్పాను. కొట్టేశానని, చదవలేదని, కాగితాలు పోయాయని. ఆయనకు చెప్పలేనిది ఆమెకు చెప్పాను. ఆమె డబ్బా మూత పెట్టి మళ్లీ తీసింది.

"ఒక్క లైను గుర్తుందమ్మా. మా చెల్లెకు మాటలు రావని బడిలో రాసుకున్నారు, అని."

"చెల్లెనా?"

"అవును."

"ఆయనకు చెల్లె యాడిది సార్? ఒక్కడే కొడుకు. నాకు పెండ్లయి పదిహేడేండ్లు. చెల్లె ఉన్నదని ఒక్కనాడు అన్లే."

తర్వాత ఆమె వేములపల్లి దగ్గరి వాళ్ల తండాకు పోయి ముసలివాళ్లను అడిగింది. ఒకామె, ఆడపిల్ల ఉండేది, మిల్లు దగ్గర ఉన్నప్పుడే జ్వరంతో పోయిందంది. ఇంకొకామె, అది చిన్నాయన బిడ్డ, దాన్నీ చెల్లె అనే పిలిచేవాడు, తెలుగు రాక బడిలో నోరు విప్పేది కాదు, ఎవరో తీసుకుపోయారంది. మూడో ఆమె, అసలు పిల్లే లేదంది.

నేను మిర్యాలగూడ పోయాను. ఆయన చదివిన బడి ఇప్పుడు వేరే బడిలో కలిసింది. హెడ్మాస్టర్ ఓపికగా బీరువా తీయించి పాత రిజిస్టర్ చూపించాడు. ఒకటో తరగతిలో ఆయన పేరు దొరికింది. రెండు పేర్ల కింద, అదే ఇంటిపేరుతో, ఒక ఆడపిల్ల పేరు ఉంది. ఆ తండాలో సగం మందిది అదే ఇంటిపేరు. తండ్రి పేరు దగ్గర సిరా చెదిరింది. వృత్తి గడిలో మిల్లు కూలి అని ఉంది. ఆ పేజీలో చాలామంది తండ్రులది అదే వృత్తి. మాటలు రావని ఆ రిజిస్టర్లో ఎక్కడా లేదు.

బడి బయటికి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను. పేరేంటని అడిగింది. చెప్పాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"గది మా బిడ్డ పేరు సార్."

మిషన్ ఒకసారి తిరిగి మళ్లీ ఆగింది. తర్వాత ఆమే, "మా దిక్కు గా పేరు ఇంటికొకలకు ఉంటది" అంది.

రిజిస్టర్లో ఆ పిల్ల పేరు ఎదురుగా బడిలో చేరిన తేదీ ఉంది. విడిచిన తేదీ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.